పెద్ద చర్చి లోపల ఫోటో తీయడం: వెలుతురు లెక్కలు



మెదక్ చర్చి చూసి వచ్చినవాళ్ళ దగ్గర గోపురం ఫోటోలు చక్కగానే ఉంటాయి. అనుమతి దొరికి లోపల తీసినవి ఉంటే అవి ఎక్కువగా రెండు రకాలు. ఒక రకంలో కిటికీల రంగులు వస్తాయి కానీ హాలంతా గుహలా చీకటి. రెండో రకంలో బెంచీలు, స్తంభాలు కనబడతాయి కానీ కిటికీలు తెల్లని రంధ్రాల్లా ఉంటాయి. కంటికి రెండూ కనబడ్డాయి కదా, కెమెరాకు ఎందుకు కనబడలేదు? ఈ ప్రశ్నకు జవాబు హైస్కూలు సైన్సులోనే ఉంది. దాన్నే ఈ సంచికలో పాఠంగా చెప్పుకుందాము.

బొమ్మనహళ్ళి, హోంగసంద్ర, బేగూరు రోడ్డు ప్రాంతాల మన పిల్లలకు ఈ పాఠం ఊరికే చెప్పడం లేదు. చదువుకుంటూనే శని, ఆదివారాలు పెళ్ళి ఫోటోగ్రాఫర్ల వెంట లైటు పట్టుకోవడానికి వెళ్ళే కుర్రాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకు కొన్నాళ్ళకు సొంత కెమెరా మీద ఆశ పుడుతుంది, ఆ వెంటనే పెద్ద ఫ్లాష్ మీద ఆశ పుడుతుంది. తల్లిదండ్రులు చీటీ పాడి ఆ డబ్బు చేతిలో పెట్టే ముందు కింది లెక్క ఒక్కసారి పిల్లలతో కలిసి చూడండి.

ఫ్లాష్ ఎంత దూరం పోతుంది?

మెదక్ కెథడ్రల్‌ను చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ పూనుకొని కట్టించారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో ఆ కట్టుబడి పనే చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. నమూనా గీసినది ఇంగ్లండుకు చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థ. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. మనకు కావలసినది పొడవు: 200 అడుగులంటే దాదాపు 61 మీటర్లు. లెక్క సులువు కావడానికి 60 అనుకుందాము.

ప్రతి ఫ్లాష్‌కూ గైడ్ నంబరు అని ఒకటి ఉంటుంది. దాన్ని లెన్సు అపర్చర్ అంకెతో భాగిస్తే ఆ ఫ్లాష్ ఎన్ని మీటర్ల దాకా సరిగా వెలుగు ఇస్తుందో తెలుస్తుంది. కెమెరాలోనే ఉండే చిన్న ఫ్లాష్ గైడ్ నంబరు 12 అనుకోండి, ఐఎస్ఓ 100 దగ్గర. అపర్చర్ ఎఫ్ 4 పెడితే 12ను 4తో భాగించగా 3 మీటర్లు. అంటే ముందు రెండు మూడు బెంచీలు మాత్రమే. కొనాలనుకునే పెద్ద ఫ్లాష్ గైడ్ నంబరు 40 అయితే 10 మీటర్లు. బలిపీఠం ఉన్నది 60 మీటర్ల దూరంలో.

"దూరం ఇంకొంచెమే కదా, ఇంకొంచెం పెద్ద ఫ్లాష్ కొంటే సరి" అనిపిస్తుంది. ఇక్కడే విలోమ వర్గ నియమం అడ్డు వస్తుంది. గురుత్వాకర్షణ పాఠంలో చదివిన సూత్రమే ఇది. దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. 3 మీటర్లకు సరిపోయే చిన్న ఫ్లాష్‌తో 60 మీటర్ల దూరాన్ని అంతే వెలిగించాలంటే దూరం 20 రెట్లు, వెలుతురు 400 రెట్లు కావాలి. అదీగాక, 60 మీటర్లకు సరిపోయే ఫ్లాష్‌నే కెమెరా పక్కన పెట్టి కొట్టామనుకోండి, 3 మీటర్లలో ఉన్న బెంచీ మీద కావలసినదానికి 400 రెట్లు పడి అది తెల్లగా మాడిపోతుంది. ఒకే చోటు నుంచి వచ్చే దీపానికి దగ్గరా దూరమూ సమానం చేయడం చేతకాదు. ఇది డబ్బుతో తీరే ఇబ్బంది కాదని గమనించగలరు.

కల్యాణమంటపంలో ఫ్లాష్‌ను పైకప్పుకు తిప్పి కొట్టి మెత్తని వెలుతురు తెస్తారు కదా, అది చర్చిలో పనికి రాదా అని లైటు పట్టే కుర్రాళ్ళు అడుగుతారు. మంటపంలో తెల్ల సీలింగు చేతికి అందేంత దగ్గర. చర్చి పైకప్పు 12 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే వెలుతురు పైకి 12, కిందికి 12, మొత్తం 24 మీటర్లు నడవాలి. పైగా కప్పు ముదురు రంగు చెక్కయితే సగానికి పైగా అదే మింగేస్తుంది.

దీపం బదులు సమయం

కుళాయి సన్నగా వస్తోంది, బిందె నిండాలి. ఏం చేస్తాము? కాసేపు పట్టి ఉంచుతాము. బొమ్మనహళ్ళిలో నీళ్ళకు వరుసలో నిలబడ్డ ఏ ఇంటి పిల్లకైనా ఇది వేరే చెప్పనక్కరలేదు. చర్చి లోపల ఫోటో కూడా ఇంతే. వెలుతురు తక్కువగా ఉన్నా అది హాలంతా పరుచుకొని ఉంది. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి దాన్ని పోగుచేసుకోవాలి. అంతసేపు కెమెరా కదలకూడదు కాబట్టి కొనవలసిన మొదటి వస్తువు ఫ్లాష్ కాదు, గట్టి ట్రైపాడ్. పాతది దొరికినా మంచిదే.

ఒక ఉదాహరణ. హాలులో కెమెరా మీటరు ఐఎస్ఓ 800, ఎఫ్ 4, 1/15 సెకను అని చూపింది. చేతిలో పట్టుకుంటే 1/15కు చెయ్యి వణికి ఫోటో అలికినట్టు వస్తుంది. ముందు బెంచీ నుంచి బలిపీఠం దాకా అంతా స్పష్టంగా రావాలంటే అపర్చర్ ఎఫ్ 8 కావాలి. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి వెలుతురు నాలుగో వంతు అవుతుంది. గింజలు గింజలుగా రాకుండా ఉండాలంటే ఐఎస్ఓ 100 కావాలి, ఇది ఎనిమిదో వంతు. నాలుగు ఎనిమిదులు 32. 1/15ను 32తో గుణిస్తే దాదాపు 2 సెకన్లు. స్టాండు మీద 2 సెకన్లు అసలు సమస్యే కాదు. షట్టర్ నొక్కేటప్పుడు చెయ్యి తగిలి కదలకుండా సెల్ఫ్ టైమర్ పెట్టుకోవాలి.

ఇది కొత్త సంగతి కాదు. ఫోటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లో గత్యంతరం లేక అందరూ ఇలాగే తీశారు. 1861లో పారిస్ నగరం కింద ఎముకలు పేర్చిన సొరంగాలను నాదార్ అనే ఆయన బ్యాటరీల విద్యుత్ దీపంతో తీశారు. ఒక్కో ఫోటోకు 18 నిమిషాల దాకా పట్టేది. అంతసేపు మనుషులు కదలకుండా నిలబడలేరు కనుక కూలీల స్థానంలో బొమ్మలను పెట్టారు! మన సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ నిజాం కాలపు భవనాల లోపలి హాళ్ళను గాజు ప్లేట్ల మీద తీసినదీ ఓపికతోనే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ ఎవాన్స్ అనే పుస్తకాల వ్యాపారి కెథడ్రల్ ఫోటోలకే జీవితం ఇచ్చారు. ఆయన ఒక చర్చి దగ్గర వారాల తరబడి ఉండి, ఏ గంటకు ఎండ ఎక్కడ పడుతుందో చూసుకొని అప్పుడు కెమెరా పెట్టేవారు. వెల్స్ కెథడ్రల్ మెట్ల మీద ఆయన 1903లో తీసిన ఫోటోను ఇప్పటికీ పాఠంగా చూపుతారు. నా ఉద్దేశంలో ఆయన దగ్గర నేర్చుకోవలసినది కెమెరా పని కంటే ఆ కాచుకొని ఉండడమే.

ఎక్కువసేపు తెరిచి ఉంచడంలో ఇంకో లాభం ఉంది. 20, 30 సెకన్ల ఫోటోలో నడిచి వెళ్ళేవాళ్ళు అసలు పడరు. సందర్శకులు తిరుగుతున్నా హాలు ఖాళీగా వస్తుంది. కూర్చొని ప్రార్థన చేసేవారు మాత్రం పడతారు. వారిని అడగకుండా తీయకూడదు.

కిటికీ వర్సెస్ గోడ

మెదక్‌లో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడి పని. బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణ కిటికీ 1927 నాటిది, పక్క బాహువుల్లోని జననం కిటికీ 1947ది, సిలువ కిటికీ 1958ది. ఆ గాజు వెనుక ఉన్నది సాక్షాత్తు ఆకాశం. బాల్కనీ కింద ఉన్న మూలతో పోలిస్తే ఆకాశం వెయ్యి రెట్లు వెలుగుగా ఉండడం మామూలే. 2ను పదిసార్లు గుణిస్తే 1024. దీన్నే ఫోటోగ్రాఫర్లు పది స్టాపుల తేడా అంటారు. మన కన్ను కిటికీ చూసేటప్పుడు పాపను చిన్నది చేసుకొని, మూల చూసేటప్పుడు పెద్దది చేసుకొని, రెండూ ఒకేసారి చూసినట్టు మనకు చెబుతుంది. కెమెరాకు ఒక ఫోటోలో ఒకే కొలత.

అందుకే ఒకటి కాదు, కదపకుండా ఐదు తీయాలి. 1/60, 1/15, 1/4, 1, 4 సెకన్లు, ఒక్కోటి ముందుదానికి నాలుగు రెట్లు. అపర్చర్, ఫోకస్ మాత్రం మార్చకూడదు. మొదటిదానిలో గాజు రంగులు ఉంటాయి, చివరిదానిలో బెంచీ కాళ్ళు కూడా కనబడతాయి. తరువాత కంప్యూటరులో కలపాలి. హ్యూగిన్, డార్క్‌టేబుల్, గింప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. దొంగ కాపీల జోలికి పోనవసరం లేదు. ఇప్పటి ఫోన్లలో నైట్ మోడ్ చేసేదీ ఇదే: మనకు తెలియకుండా చాలా ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. అదే ఫోనును స్టాండు మీద పెడితే చాలా ఫోన్లు ఇంకా ఎక్కువసేపు వెలుతురు తీసుకుంటాయి. కెమెరా లేదని ఏ విద్యార్థీ ఆగిపోనక్కరలేదు. ఒక్క హెచ్చరిక: కలిపేటప్పుడు అతి చేస్తే చర్చి కాస్తా క్యాలెండరు బొమ్మ అవుతుంది. మూలల్లో కొంత నీడ ఉంటేనే లోతు తెలుస్తుంది.

కంప్యూటరు లేకుండానే ఈ తేడా తగ్గించే వేళ ఒకటి రోజూ వస్తుంది. సూర్యుడు అస్తమించిన తరువాత ఇరవై నిమిషాల లోపు బయటి ఆకాశం మసకబారి, లోపలి దీపాలు దానికి సమానమవుతాయి. మన ప్రాంతంలో సంధ్య పొట్టి, యూరపులోలా సాగదు. ఆ వేళకు కెమెరా బిగించి సిద్ధంగా ఉండాలి. పూర్తి రాత్రి అయితే లోపలి నుంచి కిటికీలు నల్లగా ఉంటాయి, అప్పుడు రంగులు కనబడేది బయట నిలబడ్డవారికి.

సూర్యుడి దిక్కు గురించి ఒక మాట. ఇంగ్లీషు పుస్తకాలలో ఉత్తరపు కిటికీకి ఎండ రాదని రాసి ఉంటుంది. అది వాళ్ళ దేశానికి నిజం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మెదక్ 18 డిగ్రీలు కాబట్టి అక్కడ మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా. డిసెంబరులో అంతా దక్షిణపు ఎండ. కాబట్టి వెళ్ళే ముందు నెల, గంట చూసుకొని వెళ్ళాలి. నేరుగా ఎండ పడితే నేల మీద రంగు మరకలు అందంగా పడతాయి కానీ తేడా పెరుగుతుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే తెల్ల దీపం, గాజును తీయడానికి అంతకంటే మంచి రోజు లేదు.

పెళ్ళి జరుగుతుంటే

పైన చెప్పినదంతా కదలని గోడలకు. వధూవరులను 2 సెకన్లు శిలల్లా నిలబెట్టలేము. ఉంగరం తొడిగే క్షణం ఒక్కసారే వస్తుంది, మళ్ళీ చేయమనడానికి లేదు. ఆ లెక్కనే తిరగేద్దాము. ఐఎస్ఓ 800, ఎఫ్ 4, 1/15 దగ్గర మొదలుపెట్టాము. ఎఫ్ 2.8 లెన్సు అయితే రెట్టింపు వెలుతురు, ఐఎస్ఓ 3200 అయితే నాలుగు రెట్లు, మొత్తం ఎనిమిది. షట్టర్ 1/120 అయింది. ఫ్లాష్ లేకుండానే చేయి పట్టుకొని తీయవచ్చు! కొంచెం గింజ వస్తుంది, రానివ్వండి. ఇందులోనూ 1/100 పెట్టడం మేలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు 100సార్లు పెరిగి తగ్గుతుంటాయి. 1/100 లేదా 1/50 అయితే ఒక పూర్తి చుట్టు పడుతుంది. అంతకంటే వేగంగా తీస్తే ఫోటోలో అడ్డచారలు వచ్చే ప్రమాదం ఉంది.

దంపతుల వెనుక కిటికీ ఉంటే మీటరు మోసపోయి ముఖాలు నల్లబడతాయి. మీటరును ముఖం మీద పెట్టి కొలవాలి, లేదా రెండడుగులు పక్కకు జరిగి వెనుక గోడ వచ్చేలా నిలబడాలి. దగ్గరలో ఉన్న ముఖాలకు చిన్న ఫ్లాష్ పనికొస్తుంది, కాదనను. కానీ ప్రార్థన జరుగుతుండగా కళ్ళలోకి మెరుపులు కొట్టడం మర్యాద కాదు, చాలా చర్చిలలో ఒప్పుకోరు కూడా. ఫోకస్ లైటు పట్టుకొని బలిపీఠం మెట్లెక్కే అలవాటు మన కుర్రాళ్ళు మొదటే మానుకోవాలి.

ఫ్లాష్ అసలే వ్యర్థమా అంటే, ఒక పాత ఉపాయం ఉంది. రాత్రి అనుమతితో దీపాలన్నీ ఆర్పించి, షట్టర్ తెరిచి ఉంచి, ఒకే ఫ్లాష్ పట్టుకొని స్తంభం వెనుక నుంచి స్తంభం వెనుకకు నడుస్తూ గోడల వైపు కొట్టడం. నల్ల బట్టలు వేసుకుంటే మనిషి ఫోటోలో పడడు. ఎఫ్ 8 దగ్గర 5 మీటర్లు అందే ఫ్లాష్‌ను ఒకే వైపు నాలుగుసార్లు కొడితే వెలుతురు నాలుగు రెట్లు, అందే దూరం రెట్టింపు, అంటే 10 మీటర్లు. ఇందాక మనల్ని ఓడించిన నియమమే ఇప్పుడు మన పని చేసిపెడుతుంది. నేర్చుకునేవాళ్ళకు ఇంత ఆనందమిచ్చే పని ఇంకొకటి లేదు.

వంగే స్తంభాలు, అడగవలసిన అనుమతి

పైకప్పు కూడా రావాలని కెమెరా పైకి ఎత్తితే స్తంభాలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. కెమెరాను తాపీమేస్త్రీ రసమట్టంతో చూసినట్టు సమంగా పెట్టి, వెనక్కి జరగాలి. వీలుంటే పాటబృందం నిలబడే పై బాల్కనీ నుంచి తీస్తే మంచిది. కంప్యూటరులో సరిచేయవచ్చు కానీ అంచులు కోతకు పోతాయి, ముందే చుట్టూ చోటు వదలాలి.

అనుమతి లేకుండా ఏదీ తీయవద్దు. సి.ఎస్.ఐ. చర్చి అయితే ప్రెస్బిటర్‌కు, కథోలిక దేవాలయమైతే విచారణ గురువులకు ఉత్తరం రాయాలి. ఏ తేదీ, ఏ గంట, స్టాండు పెడతామా, ఫోటోలు దేనికి, ఇవన్నీ రాసి, తీసిన ఫోటోల ప్రతి ఒకటి చర్చికి ఇస్తామని చెప్పండి. ఆ ప్రతి చిన్న విషయం కాదు. బెంగళూరు ఎం.జి. రోడ్డులోని సెయింట్ మార్క్స్ కెథడ్రల్ 1923లో కాలిపోయి తిరిగి కట్టబడినదే. పారిస్‌లో నోత్రదాం 2019 ఏప్రిల్ 15న తగలబడినప్పుడు, ఆండ్రూ టాలన్ అనే ఆచార్యుడు అంతకు ముందు లేజరుతో చేసిపెట్టిన కొలతలు పునర్నిర్మాణానికి అక్కరకు వచ్చాయి. ఆయన 2018లోనే కన్నుమూశారు. చర్చి 2024 డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. మన ఊళ్ళలోని పాత చర్చిలను మూలమూలా తీసిపెట్టినవారు ఎంతమంది?

ఈ పనినే చదువుగా తీసుకోవాలనుకునేవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీలో బి.ఎఫ్.ఎ. ఉంది. డిగ్రీ అయినవారికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గాంధీనగర్ ప్రాంగణంలో ఫోటోగ్రఫీ డిజైన్ ఉంది. ప్రవేశ పరీక్ష, స్థానికత నిబంధనలు ఆ యేటి ప్రకటనలో చూసుకోవాలి. బెంగళూరులో పెరిగిన మన పిల్లలకు స్థానికత దగ్గరే చిక్కు రావచ్చు కనుక తల్లిదండ్రులు ముందే విచారించగలరు.

అభ్యాసం

మొదట ఇంట్లో చేయండి. పగలు కిటికీ ఉన్న గదిలో ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, ఒకసారి కిటికీని తాకి, ఒకసారి మూలను తాకి తీసి రెండూ పోల్చండి. తరువాత సెయింట్ మార్క్స్‌కు వెళ్ళండి. 2025 ఆగస్టు నుంచి బొమ్మనహళ్ళికి మెట్రో ఉంది, ఆర్.వి. రోడ్డులో, మెజెస్టిక్‌లో మారి ఎం.జి. రోడ్డులో దిగవచ్చు. ఇంకో రోజు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాకు వెళ్ళండి. 1882లో పూర్తయిన గోథిక్ కట్టడం అది. కెమెరా తీయకుండా ఒక గంట కూర్చొని, ప్రతి పావుగంటకు వెలుతురు ఎక్కడుందో నోటుపుస్తకంలో గీయండి. గుమ్మటమున్న చర్చికీ, మొనదేలిన కమానుల చర్చికీ గోడల మీద వెలుతురు పడే తీరులో తేడా ఏమిటో రాయండి.

లెక్క: ఒక ఫ్లాష్ ఎఫ్ 8 దగ్గర 5 మీటర్లు అందుతుంది. చీకటి హాలులో అదే అపర్చర్‌తో, ఒకే చోటు నుంచి 40 మీటర్ల దూరపు గోడను వెలిగించాలంటే ఎన్నిసార్లు కొట్టాలి? జవాబు: 64 సార్లు. నడిచి వెళ్ళి గోడకు 5 మీటర్ల దగ్గర నిలబడి కొడితే? ఒక్కసారి.